రెండు తలుపుల షెడ్డు

పంపిన తోక పంపినట్టే తిరిగొచ్చింది.

కర్లీన్ దాన్ని కాగితంతో సహా తెచ్చి వంటింటి బల్ల మీద పెట్టింది. కంగారూ తోక. పొద్దున్నే వేటకు వెళ్ళి తెచ్చి, అత్తగారికని డెస్మండ్ తన చేత్తో కోసి చుట్టిన తోక.

"పడుకునుందా?" అన్నాడు డెస్మండ్.

"లేచే ఉంది."

"మరి?"

"వద్దంది. తీసుకుపొమ్మంది."

"వండుకునే ఓపిక లేదేమో. నువ్వే నిప్పుల్లో కప్పెట్టి ఇవ్వాల్సింది."

"ఓపికకేం, నన్ను తిట్టడానికి బోలెడుంది. వద్దంటే వద్దంది, డెస్మండ్. కాగితం విప్పి కూడా చూళ్ళేదు."

డెస్మండ్ టీ కప్పు పక్కకు జరిపి ఆ పొట్లం వంక చూస్తూ కూర్చున్నాడు. ఎప్పటిలాగే అతని కుర్చీ కిటికీకి వీపు పెట్టి ఉంది. కిటికీలోంచి చూస్తే పెరడు, పెరట్లో గింజల షెడ్డు, షెడ్డు ముందు దుప్పటి పరుచుకుని కూర్చున్న అత్తగారు కనిపిస్తారు. ఆమె కనిపించే వైపు అతను కూర్చోడు.

అల్లుడికి ఎదురుపడకుండా తలుపు చాటునుంచి మాట్లాడే అత్తగార్లను మన వైపు పాతతరం వాళ్ళు ఎరుగుదురు. ఇక్కడ, ఆస్ట్రేలియాలోని ఈ ఆదివాసుల్లో, ఆ తలుపు చాటు మాట కూడా లేదు. పెళ్ళయిన నాటినుంచి డెస్మండ్ అత్తగారి పేరు పలికి ఎరగడు, ఆమె మొహం చూసి ఎరగడు. అత్తగారు డాఫ్నీ కూడా అంతే. అల్లుడు వస్తున్నాడని ఎవరైనా దగ్గితే ఆమె లేచి అటు తిరుగుతుంది. అతను వేటాడిన జంతువులో మంచి ముక్క ఆమెకు చేరుతుంది. ఆమె తింటుంది. మాట్లాడకపోవడం వాళ్ళలో మర్యాద. మాంసం తిప్పి పంపడమే కోపం. ఈ రెండింటికీ తేడా తెలియనివాళ్ళు ఆ వీధిలో ఒక్కరూ లేరు. గని కంపెనీ ఆఫీసులో మాత్రం చాలామందే ఉన్నారు.

"టోపీ ఇంకా నా తలుపుకే ఉందా?" అన్నాడు డెస్మండ్.

"ఉంది."

షెడ్డుకు రెండు తలుపులు. కట్టిన రోజున మేస్త్రీ నవ్వాడు, ఇంత కొట్టానికి రెండు తలుపులెందుకని. తూర్పు తలుపు డాఫ్నీది, ఆమె వెంట గింజలు కోసే ఆడవాళ్ళది. పడమటి తలుపు డెస్మండ్‌ది. ఆమె లోపలుంటే ఆమె టోపీ తూర్పు తలుపుకు వేలాడుతుంది, అతను బయటే ఆగుతాడు. టోపీ లేకపోతే వెళ్ళి జల్లెడ యంత్రం తిప్పుకుంటాడు, సంచులు కుట్టుకుంటాడు. ఇన్నేళ్ళూ వ్యాపారం అలాగే సాగింది. నిన్న డాఫ్నీ ఆ టోపీని తెచ్చి పడమటి తలుపుకు తగిలించింది.

"లారీ శుక్రవారం కదలాలి, కర్లీన్."

"తెలుసు."

"సంచులన్నీ లోపలే ఉన్నాయి."

"అదీ తెలుసు."

"అన్నీ తెలుసు నీకు. మరి అడగవేం? నేను చేసిన తప్పేంటో అడుగు. వాగు మైదానంలోకి వెళ్ళొచ్చా అని నీతోనే కదా అడిగించాను. సరేనందన్నావు. వెళ్ళాను. ఇప్పుడు సంచి అడుగున ఆ మైదానం తెల్ల ఇసుక చూసి నా తలుపుకి టోపీ తగిలిస్తే నేనేమనుకోవాలి? పిల్లల అమ్మమ్మకి మతిమరుపొచ్చిందనుకోవాలా?"

"అడుగుతాలే."

"నిన్నట్నుంచీ ఇదే మాట."

"అడుగుతానన్నానా? నోరుమూసుకుని టీ తాగు."

కర్లీన్ తోకను తీసి ఫ్రిజ్‌లో పడేసి తలుపు దడాలున వేసింది.

డాఫ్నీ సరేననలేదు.

ఆ సంగతి కర్లీన్‌కు ఒక్కదానికే తెలుసు. వాగు మైదానంలో పోయినేడు డాఫ్నీ అక్క కన్నుమూసింది. పోయినవాళ్ళ పేరెత్తకూడదు గనుక మనమూ ఎత్తొద్దు. అక్కడే చలిమంట వేసుకుని, ఆ మంట పక్కనే పోయింది. ఆ రోజునుంచి ఆ చోటు మూసేశారు. డాఫ్నీ అన్న వాలీ వచ్చి, పచ్చి ఆకు కాల్చి, ఆ పొగతో మైదానమంతా నడిస్తేనే మళ్ళీ కాలు పెట్టాలి. అల్లుడు అడిగించినప్పుడు డాఫ్నీ చెప్పింది కూడా అదే. "ఇప్పుడే కాదు. అన్నయ్య రావాలి, పొగెయ్యాలి. అప్పుడు వెళ్ళమను."

ఆ మాట పెరటినుంచి వంటింటికి వచ్చేలోపు "సరేనంది" అయింది.

ఎందుకు చేసింది? గడ్డి గింజ ఎవరికోసమూ ఆగదు. ఈసారి వాన ఆ మైదానం మీదే పడింది. తక్కిన కొండలన్నీ ఎండి బూడిదలా ఉన్నాయి. కంపెనీవాళ్ళు తవ్వి పారేసిన కొండల మీద మళ్ళీ అదే గడ్డి మొలిపించాలి, దానికి ఆ నేల గింజే కావాలి. ఇదివరకు పెర్త్ నగరం నుంచి ఎవరో వచ్చి, ఎవరినీ అడక్కుండా డాఫ్నీ వాళ్ళ కొండల మీద గింజలు దులుపుకుపోయి, కంపెనీకి అమ్ముకునేవాళ్ళు. ఆ పని ఇప్పుడు డాఫ్నీ చేతికొచ్చింది. ఆడవాళ్ళంతా తమ నేల మీద తాము తిరుగుతూ జీతం తెచ్చుకుంటున్నారు. ఈసారి గింజ చాలకపోతే ఐదేళ్ళ ఒప్పందం చేతికందేలోపే జారిపోతుంది. వాలీ మామయ్య ఆ వారమే వస్తానన్నాడు. పొగ ముందేస్తేనేం, డెస్మండ్ లారీ ముందు మైదానంలోకి వెళ్తేనేం, అంతా ఆ నాలుగు రోజుల్లోనే కదా అనుకుంది కర్లీన్. మామయ్య కారు దారిలో చెడింది. డెస్మండ్ లారీ చెడలేదు.

తల్లి మాటకు కాస్త బెల్లం పూసి మొగుడికీ, మొగుడి మాటలో కారం తగ్గించి తల్లికీ అందించడం ఆమెకు అలవాటే. ఆ మాత్రం చెయ్యకపోతే సంసారం ఏనాడో వీధిన పడేది. కానీ మాటను మెత్తన చెయ్యడం వేరు, కాదన్నదాన్ని అవునని చెప్పడం వేరు. ఆ తేడా ఎవరూ ఆమెకు చెప్పక్కర్లేదు.

ఫోన్ మోగింది.

"కర్లీన్ గారూ, నేను ఫియోనాని. గురువారం సంగతి ఓసారి గుర్తుచేద్దామని."

గని కంపెనీలో ఎవరి దగ్గర ఏం కొనాలో చూసే అమ్మాయి ఫియోనా. మంచిదే. ఆ మంచితనమే కర్లీన్‌కు ఎక్కువ చిరాకు.

"గుర్తుంది. నేనొస్తాను."

"మీరు కాదండీ. యజమాని గారూ, మేనేజరు గారూ. ఇద్దరూ ఒకే గదిలో ఉండాలి. అరగంట చాలు."

"కిందటిసారే చెప్పాను. మా అమ్మా నా భర్తా ఒక గదిలో కూర్చోరు."

"అదేనండీ సమస్య. పోయిన నెల షెడ్డు చూడ్డానికొచ్చిన మావాళ్ళు రాసింది కూడా అదే. యజమానికీ మేనేజరుకీ మాటల్లేవట, ఒకరొస్తే ఒకరు లేచిపోతున్నారట. ఐదేళ్ళకి రాసివ్వబోతున్నప్పుడు పైవాళ్ళు భయపడరా, మీరే చెప్పండి."

"మాటల్లేకపోవడం గొడవ కాదు, ఫియోనా గారూ. అది గౌరవం."

"నాకర్థమవుతుందండీ. మీ ఆచారాల మీద మా అందరికీ రెండ్రోజులు శిక్షణ కూడా ఇచ్చారు."

"అందులో అత్తా అల్లుళ్ళ సంగతి చెప్పలేదా?"

"చెప్పే ఉంటారు. భోజనాలయ్యాక చెప్పుంటారు." ఫియోనా కాస్త ఇబ్బందిగా నవ్వింది. "మీలాంటి వ్యాపారాలు నిలబడాలని మేం ప్రాణం పెట్టి చేస్తున్నామండీ, నమ్మండి."

"ప్రాణాలొద్దు. కుర్చీలు రెండు గదుల్లో వెయ్యండి, చాలు."

"నియమం అందరికీ ఒకటే కదండీ."

"పెర్త్ వాళ్ళు మా కొండలు దులుపుకుపోయినన్నాళ్ళూ, వాళ్ళ ఇళ్ళల్లో ఎవరు ఎవరితో మాట్లాడతారో అడిగారా మీరు?"

ఫియోనా మెల్లగా, గురువారం పదింటికి అని చెప్పి పెట్టేసింది.

డెస్మండ్ అంతా విన్నాడు. "నేను మానేస్తా," అన్నాడు. "వేరే మేనేజర్ని చూసుకోండి. అత్త లేని వాణ్ణి చూసుకోండి."

"జోకులా?"

"జోకు కాదు. ఇద్దరం వెళ్ళి పక్కపక్కన కూర్చోవడం నా వల్ల కాదు. రేపు నా పిల్లలు నా మొహం చూడాలా వద్దా?"

"కూర్చోమని నేనన్నానా?"

"నువ్వేమీ అనవు. ఇటొచ్చి ఇటు మాట, అటెళ్ళి అటు మాట. నీదంటూ ఒక్కటి చెప్పవు."

ఆ మాట కర్లీన్‌కు సూదిలా గుచ్చుకుంది. టీ ఆకు వేసిన రేకు మగ్గులో మరిగే నీళ్ళు పోసి, నాలుగు చెంచాల చక్కెర వేసి పెరట్లోకి నడిచింది.

డాఫ్నీ కూతురి చేతిలో టీ అందుకుంది గానీ తల తిప్పలేదు. పక్కన కుక్కలు రెండు నీడలో పడుకున్నాయి. నిప్పు చిన్నగా రాజుకుంటోంది.

"మళ్ళీ ఆ తోకేనా తెచ్చింది?"

"కాదు. గని ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. గురువారం నిన్ను రమ్మంటున్నారు."

"వస్తా. నాకేం భయం?"

"నువ్వొక్కదానివే కాదమ్మా. తనూ రావాలట. ఇద్దరూ ఒకే గదిలో."

డాఫ్నీ టీ కింద పెట్టింది. "వాళ్ళకి అత్తలు లేరా? సిగ్గు లేదా? ఈ వయసులో నన్ను తీసుకెళ్ళి అల్లుడి పక్కన కూచోబెడతారా?"

"మీరు మాట్లాడుకోకపోతే గొడవనుకుంటున్నారు."

"ఇన్నేళ్ళూ గొడవ లేనప్పుడు గొడవనుకున్నారు. ఇప్పుడు గొడవుంది. ఇప్పుడేగా వాళ్ళు చెప్పింది నిజమైంది. ఆ సంగతే చెప్పు వాళ్ళకి."

"అమ్మా, లారీ శుక్రవారం వెళ్ళాలి. ఒప్పందం పోతే ఆ ఆడవాళ్ళందరి గతేంటి? మళ్ళీ పెర్త్ వాళ్ళొస్తారు. మన గింజే వాళ్ళు కోసుకుపోతారు."

"నాకు తెలీదనుకున్నావా? ఈ షెడ్డు నేను కట్టించాను. దీనికి రెండు తలుపులు నేను పెట్టించాను, నీ మొగుడు మనిషిలా తలెత్తుకుని పని చేసుకోవాలని." డాఫ్నీ నిప్పును పుల్లతో కదిపింది. "ఆ గడ్డిలో నడవడం నాకు నేర్పింది మా అక్క. చెయ్యి పట్టుకుని నేర్పింది. అది పడుకున్న చోట లారీ చక్రాలు తిప్పాడు. ఆ గింజ నేను అమ్మాలా? అమ్మి ఆ డబ్బుతో రొట్టె కొనుక్కు తినాలా?"

కర్లీన్ పక్కనే కూలబడింది.

"నాకు ఒక్కటే కావాలి," అంది డాఫ్నీ. "ఎందుకెళ్ళాడు? మంచివాడే. తీరం వైపు నుంచి వచ్చినా ఇన్నేళ్ళలో ఒక్కసారీ గీత దాటలేదు. ఇప్పుడెందుకు దాటాడు? అన్నయ్య ఆదివారం వస్తున్నాడు. వాడింక ఇక్కడ ఉండాలో, తన వైపు పోవాలో అన్నయ్యే చెబుతాడు."

"తనకి తెలీలేదేమోనమ్మా."

"తెలీకపోవడమేంటి? నీతో చెప్పి పంపాను కదా."

కర్లీన్ కుక్క చెవి నిమురుతూ కూర్చుంది.

"చెప్పావా లేదా?"

"చెప్పాను," అంది కర్లీన్.

మొదటి అబద్ధానికి అవసరమైనా ఉంది. రెండోదానికి అదీ లేదు. నోటికి అలవాటైపోయి వచ్చేసింది.

మర్నాడు ఆమె ఎవరితోనూ చెప్పకుండా పాత టొయోటా తీసుకుని గని గేటు దగ్గరి ఆఫీసుకు వెళ్ళింది. ఇంట్లో కూర్చుంటే ఇద్దరి మధ్యా ఊపిరాడడం లేదు. కనీసం అరవడానికి ఒక పరాయి మనిషి దొరుకుతుందనే వెళ్ళింది.

ఫియోనా గదిలో చల్లగా ఉంది. కుర్చీ చూపించింది, నీళ్ళిచ్చింది, నిన్న ఫోన్లో చెప్పిందే ఇంకోసారి ఇంకాస్త మర్యాదగా చెప్పింది. కర్లీన్ వింటూ ఆమె వెనక గోడ వైపు చూసింది. అక్కడ నిలువెత్తు బొమ్మ. డాఫ్నీ, డెస్మండ్ భుజం భుజం ఆనించి నవ్వుతున్నారు. కింద పెద్ద అక్షరాలతో 'ఒకే నేల, ఒకే బృందం'. ఇద్దరికీ వేరువేరు రోజుల్లో ఫొటోలు తీసి, కంప్యూటర్లో కలిపి అతికించారు. దాని నకళ్ళ కట్ట ఒకటి ఇంటికి వచ్చినప్పుడు, తల్లి కంటపడకముందే కర్లీన్ పొయ్యిలో పెట్టేసింది. ఇక్కడిది ఎలా కాలుస్తుంది?

"ఇంకో సంగతి, ఏమనుకోకండి," అంటోంది ఫియోనా. "మేనేజరు గారి తీరు కూడా పైవాళ్ళకి నచ్చట్లేదు. సంతకానికి ఎప్పుడొచ్చినా లోపలికి రారు. గుమ్మం దగ్గర అటు తిరిగి నిలబడి, నన్నే బయటికి రమ్మంటారు. ఒకసారి టీ ఇస్తానంటే వెళ్ళిపోయారు. కొంచెం పొగరేమో అని..."

"వెనక్కి చూడండి," అంది కర్లీన్.

"ఏంటండీ?"

"మీ వెనక గోడ చూడండి. అక్కడున్నది ఎవరు?"

ఫియోనా తిరిగి చూసింది. "మీ అమ్మగారు."

"మీరు టీ ఇస్తానన్న మనిషి ఆవిడ అల్లుడు. ఆవిడ నవ్వుతూ గోడ మీదుంటే గదిలోకి ఎలా వస్తాడు? ఆ మొహం అతను జన్మలో చూసి ఎరగడు. మీరు చూపిస్తున్నారు. పైగా పక్కన అతన్నే అతికించారు."

ఫియోనా మెడ ఎర్రబడింది. అప్పుడు లేచి, చెప్పులు విప్పి, కుర్చీ మీదికి ఎక్కి, ఆ బొమ్మను మేకులనుంచి పీకి కిందికి దించింది. ఎక్కడ పెట్టాలో తెలియక బీరువా వెనక్కి తోసి, మొహం గోడకు తిప్పింది.

"ఏడాదిగా ఉందండీ ఇది ఇక్కడ," అంది. "ఒక్కరూ చెప్పలేదు నాకు."

"అతను చెబుతూనే ఉన్నాడు. గుమ్మం దగ్గర నిలబడి."

ఫియోనా బయటికి వెళ్ళి పైవాళ్ళతో ఫోన్లో మాట్లాడింది. అద్దం అవతల ఆమె చేతులు ఊపడం, తల అడ్డంగా ఆడించడం, ఒకసారి గట్టిగా ఏదో అనడం కనిపించింది. లోపలికి వచ్చేటప్పుడు నవ్వుతోంది.

"ఒప్పుకున్నారు. రెండు గదులు. ఆవిడకి ఒక ద్వారం, ఆయనకి ఒక ద్వారం. ఒకరికొకరు కనిపించరు, వినిపించరు. మధ్యలో మాట మోసే మనిషి ఉంటారు."

కర్లీన్‌కు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎన్నో నెలలుగా చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టింది. "సరే. గురువారం పదింటికి వచ్చేస్తాను," అంది.

"మీరు కాదండీ."

"మరెవరు?"

"మీకు వ్యాపారంలో వాటా ఉంది. ఇద్దరికీ కావలసినవారు కూడా. అటూ ఇటూ చేసి చెబుతారని కాదు, దయచేసి అలా అనుకోకండి. నియమం. ఆస్పత్రిలో డాక్టర్లకీ మీవాళ్ళకీ మధ్య మాట చెబుతారే, బెర్నీస్ గారు, ఆవిణ్ణి పిలుద్దామన్నాను. మీవాళ్ళకి అభ్యంతరం లేదు కదా?"

బెర్నీస్‌కు ఎవరు అభ్యంతరం చెబుతారు? అటు డాఫ్నీ వాళ్ళకూ ఇటు డెస్మండ్‌కూ పెద్దదిక్కు. ఒకరి మాట ఇంకొకరికి చెప్పేటప్పుడు అందులో దగ్గు వస్తే ఆ దగ్గు కూడా దగ్గి చెప్పే మనిషి.

"ఏమడుగుతారు?" అంది కర్లీన్.

"మామూలువే. గింజ ఏయే చోట్ల కోశారు, ఆ చోటికి వెళ్ళమని ఎవరు అనుమతిచ్చారు. మొదటి ప్రశ్న అదే. మీ నేల మీద నిర్ణయం నిజంగా మీ అమ్మగారిదేనా అని తెలియాలిగా. అది మీ మేలుకే."

కర్లీన్ తల ఊపింది. నీళ్ళ గ్లాసు చేతిలోకి తీసుకుని, తాగకుండానే కింద పెట్టి వచ్చేసింది.

ఇంటికి వచ్చేసరికి డెస్మండ్ కుర్చీలోనే ఉన్నాడు. సంగతి వినగానే మొహం విప్పారింది.

"బెర్నీసా? ఇంకేం. ఆ నోటితోనే అడిగిస్తాను, సరేనని మళ్ళీ ఎందుకు కోప్పడ్డారని. నిజంగా నా తప్పేదైనా ఉంటే ఆ నోటితోనే వింటాను. నీకూ కాస్త విశ్రాంతి."

"ఊ," అంది కర్లీన్.

పెరట్లో డాఫ్నీ కూడా ఇంచుమించు అలాగే అంది. "బెర్నీస్ అయితే మంచిదే. అంటే బళ్ళో చదువుకున్న ఆ ఆఫీసు పిల్లలకి కాస్త బుద్ధొచ్చిందన్నమాట." తరవాత నిప్పు వంక చూసింది. "అయినా గురువారం దాకా ఎందుకు? మన ఇంటి మాట ముందు ఆ ఆఫీసులో పడటం నాకిష్టం లేదు. ఇప్పుడే వెళ్ళి అడుగు. వెళ్ళొద్దని చెప్పి పంపితే ఎందుకెళ్ళావు, అని. ఈ మాట ఇలాగే అడుగు. బెల్లం పూయకు."

కర్లీన్ తలెత్తి చూసింది. తల్లి నిప్పు వంకే చూస్తోంది.

పెరటినుంచి వంటింటికి ఎంత దూరమని? కుక్కను దాటాలి, నీళ్ళ తొట్టి దాటాలి, రెండు మెట్లెక్కాలి. అంతలోనే మాటను ఎన్ని రకాలుగా మార్చవచ్చో కర్లీన్‌కు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. మెట్ల దగ్గరికి వచ్చేసరికి మూడు రకాలు తయారయ్యాయి. మూడూ బాగానే ఉన్నాయి. గురువారం నాడు ఒక్కటీ నిలవదు. విసుగొచ్చింది ఆమెకు, కంపెనీ మీద కాదు, తల్లి మీద కాదు, తన నోటి మీద.

లోపలికి వచ్చి, ఫ్రిజ్ వైపు తిరిగి నిలబడి అంది: "వెళ్ళొద్దని చెప్పి పంపితే ఎందుకెళ్ళావు? అని అడగమంది."

డెస్మండ్ నవ్వబోయి ఆగాడు.

"వెళ్ళొద్దని చెప్పి పంపిందా?"

ఫ్రిజ్ గుర్రుమంటోంది.

"ఎవరితో చెప్పి పంపింది, కర్లీన్?"

ఆమె వీపు చూస్తేనే అతనికి అర్థమైంది. పక్కింట్లో టీవీలో ఫుట్‌బాల్ నడుస్తోంది. ఎవరో గోలు కొట్టినట్టున్నారు, పిల్లలు కేరింతలు కొట్టారు.

"అక్కడ కూర్చుని రొట్టె తిన్నాను నేను," అన్నాడు డెస్మండ్. "మంటేసి టీ కాచుకున్నాను. వాగులో నీళ్ళు తాగాను. అడిగే వచ్చాననే ధైర్యంతో తాగాను. అక్కడ పోయిన ముసలమ్మ ఎదురుపడకుండానే నన్ను సొంత కొడుకులా చూసింది. ఆవిడ చోటు నా కాళ్ళతో తొక్కించావు."

"గింజ రాలిపోతోంది డెస్మండ్. మామయ్య వచ్చేస్తాడనుకున్నాను."

"మాట్లాడకు."

అతను లేచి మొహం కడుక్కున్నాడు. తుడుచుకోకుండానే ఫ్రిజ్ తెరిచి, నిన్నటి పొట్లం తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"ఇది ఇవ్వు. తెలిసే వెళ్ళానని చెప్పు."

"ఏంటీ?"

"నువ్వు చెప్పావు, నేను విన్నాను, అయినా వెళ్ళాను. అదే చెప్పు. గురువారం బెర్నీస్‌తో కూడా అదే చెబుతాను."

"మామయ్య నిన్ను పంపించేస్తాడు."

"పంపనీ. మా తీరం వైపు నాకు ఇల్లుంది, అన్నదమ్ములున్నారు. నీ మాట చెడితే నువ్వెక్కడికి పోతావు? ఆవిడకి నువ్వు తప్ప నోరెవరు? ఆ ఆడవాళ్ళు రేపట్నుంచి ఎవరి మాట నమ్మి కొండెక్కుతారు?" అతను ఫ్రిజ్ తలుపు మూశాడు. "నీ మీద జాలితో అనుకుంటున్నావేమో. కాదు. ఒళ్ళు మండిపోయి అంటున్నాను."

"ఆ మాట నేను మోయలేను."

"ఇన్నాళ్ళూ మోశావుగా. దీన్ని మాత్రం మార్చకుండా మొయ్యి."

అతను కిటికీకి వీపు పెట్టి మళ్ళీ కూర్చున్నాడు. ఇంక ఆమె వైపు కూడా చూడలేదు.

కర్లీన్ మెట్లు దిగింది. నీళ్ళ తొట్టి, కుక్క. షెడ్డు పడమటి తలుపుకు టోపీ అలాగే వేలాడుతోంది. దుప్పటి దగ్గరికి వచ్చి నిలబడింది. డాఫ్నీ ఆ పొట్లాన్ని చూసింది. పొమ్మనలేదు, చెయ్యి చాపనూలేదు.

"ఏమన్నాడు?"

కర్లీన్ నోరు తెరిచింది.

"ఆగు," అంది డాఫ్నీ. రెండు రోజుల్లో మొదటిసారి తల పూర్తిగా తిప్పి కూతురి కళ్ళలోకి చూసింది. "నీ మాట నాకొద్దు. వాడేమన్నాడో, అన్నది అన్నట్టు చెప్పు."